రక్తంలో వచ్చిందీ, వంటింట్లో వచ్చిందీ

ఈసారి ఉగాదికి మన సంఘం కుటుంబాలన్నీ కలిసినప్పుడు జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను.

భోజనాలయ్యాయి. వేదిక మీద పిల్లలు పాటలు పాడుతున్నారు. పక్క కుర్చీలో కూర్చున్న ఒక చెల్లెలు నాతో, "అన్నా, పోయిన సంచికలో షుగరు గురించి రాశారు, చదివాను. మా అమ్మాయి సంగతి కూడా కాస్త రాయండి. పదో తరగతికి వచ్చింది, 74 కిలోలు ఉంది. మాది లావు వంశం. మా అమ్మ, మా పెద్దమ్మ, నేను, అందరమూ ఇంతే. రక్తంలోనే ఉంది. ఏం చేసినా తగ్గేది కాదు కదా?" అంది. వెనక వరసలోంచి ఆవిడ అత్తగారు వెంటనే అందుకుంది. "రక్తమూ లేదు, గిక్తమూ లేదు. నోరు కట్టుకోలేక వంశం మీద పెడుతున్నారు తల్లీకూతుళ్ళు."

ఆ అమ్మాయి అక్కడే నిలబడి ఉంది. చేతిలో కాగితం ప్లేటు, అందులో నాలుగు కారసేవు ముక్కలు. ప్లేటు కిటికీ గట్టు మీద పెట్టి, మంచినీళ్ళు తాగి వస్తానని వెళ్ళింది. కార్యక్రమం అయ్యేదాకా మళ్ళీ వచ్చి కూర్చోలేదు.

ఇంటికి వచ్చాక కూడా ఆ ప్లేటే నా కళ్ళ ముందు ఉంది. తల్లి మాట ప్రకారం ఆ పిల్ల చేయగలిగింది ఏమీ లేదు. నాయనమ్మ మాట ప్రకారం తప్పంతా ఆ పిల్లదే. ఈ రెండు మాటలూ మన ఇళ్ళల్లో రోజూ వినబడేవే. రెండింట్లోనూ సగం నిజం ఉంది. కాని ఆ రెండు సగాలూ కలిసి ఆ అమ్మాయికి రెండు తలుపులూ మూసేశాయి. ఈ సంచికలో ఆ రెండు సగాలను విడదీసి చూద్దాం. నేను డాక్టరును కాను. బి.కాం. చదివి బ్యాంకులో లెక్కలు చూసుకునేవాణ్ణి. ఈ విషయంలో కూడా జమ ఎంత, ఖర్చు ఎంత అని లెక్క చూడటమే నాకు చేతనైన పని.

ముందు మా ఇంటి లెక్కే చెబుతాను. మేం ఇద్దరం అన్నదమ్ములం. అన్నయ్య నాకంటే నాలుగేళ్ళు పెద్ద. సాత్తూరుకి తూర్పున నల్లరేగడి పల్లెలో ఉన్న పొలం చూసుకుంటూ అక్కడే ఉండిపోయాడు. నేను బ్యాంకు ఉద్యోగంలో చేరి, బదిలీల మీద ఊళ్ళు తిరిగాను. ఒకే తల్లి కడుపున పుట్టాం, ఒకే కుండలో సజ్జ అంబలి తాగి పెరిగాం. నాకు 46వ ఏట వైద్య పరీక్ష చేస్తే నడుము చుట్టుకొలత 101 సెంటీమీటర్లు, రక్తంలో చక్కెర గీత దాటి ఉంది. అప్పటికి 50 నిండిన అన్నయ్య మాత్రం, పంచె కట్టుకుని గట్టు మీద నిలబడితే తాటి దూలంలా ఉన్నాడు. అంతా రక్తమే అయితే ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది మా ఒక్క ఇంటి కథే అయితే కాకతాళీయం అనుకోవచ్చు. కాని ఇదే ప్రశ్నను పెద్ద ఎత్తున వేసి చూసినవాళ్ళు ఉన్నారు. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగుళూరు నగరాల ఫ్యాక్టరీల్లో పల్లెల నుంచి వచ్చి పనిచేస్తున్నవాళ్ళనీ, వాళ్ళ జీవిత భాగస్వాములనీ తీసుకున్నారు. ఊళ్ళోనే ఉండిపోయిన మీ తోబుట్టువు ఒకరిని పిలిపించండి అన్నారు. ఇద్దరినీ తూచారు, కొలిచారు, రక్తం పరీక్షించారు. వలస రాకుండా నగరంలోనే ఉన్నవాళ్ళను కూడా పక్కన పెట్టి చూశారు. మొత్తం 6,510 మంది. 2010లో ఫలితాలు వచ్చాయి. మగవాళ్ళలో ఊబకాయం పల్లెలో ఉన్నవాళ్ళకు 19 శాతం, పల్లె నుంచి నగరానికి వచ్చినవాళ్ళకు 37.8 శాతం, నగరం వాళ్ళకు 41.9 శాతం. మధుమేహం చూస్తే పల్లెలో 6.2 శాతం, వలస వచ్చినవాళ్ళలో 14.3 శాతం.

తోబుట్టువులు అంటే జన్యువుల్లో ఇంచుమించు సగం ఒకటే. ఇల్లు, వంశం, చిన్ననాటి తిండి, అన్నీ ఒకటే. మారింది ఊరు, పని, కంచం. ఆ మార్పుకే ఊబకాయం రెండింతలయింది. ఈ లెక్క వింటే ఆ నాయనమ్మ, "చూశావా, నేను చెప్పలేదూ!" అంటుంది. కాస్త ఆగాలి. రెండో పుట కూడా చూడాలి.

డెన్మార్క్ దేశంలో దత్తతలకు ప్రభుత్వ దగ్గర పక్కా రికార్డులు ఉన్నాయి. వాటి ఆధారంగా 540 మంది దత్తపుత్రులనూ, దత్తపుత్రికలనూ పరిశీలించి, 1986లో స్టంకార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆయన సహచరులూ ఒక వ్యాసం ప్రచురించారు. దత్తు పోయిన పిల్ల పెద్దయ్యాక ఎవరిలా ఉంటుంది? కన్నవాళ్ళలాగా, పెంచినవాళ్ళలాగా? ఒడ్డూపొడుగూ విషయంలో కన్నవాళ్ళతో స్పష్టమైన పోలిక కనిపించింది. పెంచినవాళ్ళతో పోలిక కనబడలేదు.

1990లో కెనడాలో బూషార్ అనే శాస్త్రవేత్త ఇంకో విచిత్రమైన పరీక్ష చేశాడు. అచ్చు ఒకేలా ఉండే కవలల జతలు 12 తీసుకున్నాడు. అందరూ కుర్రవాళ్ళే. వారానికి ఆరు రోజుల చొప్పున మొత్తం 84 రోజులు, ఒక్కొక్కరికీ అవసరానికి మించి రోజుకు 1,000 క్యాలరీలు తినిపించాడు. మనందరం అనుకునే లెక్క ప్రకారం అందరూ ఒకేలా లావెక్కాలి. కాని ఒకరు 4 కిలోలు పెరిగితే ఇంకొకరు 13 కిలోలు పెరిగారు. ఏ కవల ఎంత పెరిగాడో వాడి తోడు కవలా దాదాపు అంతే పెరిగాడు. కొవ్వు పేరుకున్న చోటు కూడా ఇద్దరికీ దగ్గరగానే ఉంది.

అంటే అదే తిండి, అదే కొలత, మనిషికో ఫలితం. "నేనూ అదే తింటున్నా, నాకు రాలేదే" అని సన్నగా ఉన్నవాళ్ళు అనడం ఎంత అన్యాయమో ఈ పరీక్ష చెబుతుంది. ఆ చెల్లెలు చెప్పిన లావు వంశం అబద్ధం కాదు. కవలల మీద, దత్తత పిల్లల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి, మనిషికీ మనిషికీ మధ్య బరువులో కనబడే తేడాల్లో సుమారు 40 నుంచి 70 శాతం దాకా పుట్టుకతో వచ్చినవేనని శాస్త్రవేత్తలు అంచనా వేశారు.

ఇక ఆ జన్యువు ఏం చేస్తుంది? చాలామంది అనుకుంటారు, అది ఒంట్లో కొవ్వు తయారు చేసే యంత్రం లాంటిదని. అసలు కథ ఎక్కువ భాగం పొట్టలో కాదు, మెదడులో జరుగుతుంది. 1994లో అమెరికాలో ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రవేత్త బృందం లెప్టిన్ అనే హార్మోనును కనిపెట్టింది. మన కొవ్వు కణాలే దాన్ని తయారు చేసి రక్తంలోకి వదులుతాయి. 'నిల్వ సరిపడా ఉంది, ఇక చాలు' అని మెదడుకి అది చెప్పే కబురు. ఆ కబురు అందకపోతే మెదడు ఒంటిని కరువులో ఉన్నట్టే నడిపిస్తుంది. 1997లో ఇంగ్లండులో పాకిస్తానీ మూలాలున్న ఒక కుటుంబంలోని ఇద్దరు పిల్లలకు పుట్టుకతోనే ఈ లెప్టిన్ లేదని తేలింది. వాళ్ళ ఆకలి తీరేది కాదు, పసితనంలోనే విపరీతంగా లావయ్యారు. తరవాత లెప్టిన్‌ను మందుగా ఇస్తే ఆకలి సర్దుకుంది, బరువు దిగింది. అప్పటిదాకా ఆ పిల్లలను చూసినవాళ్ళు ఏమని ఉంటారో మనం ఊహించుకోవచ్చు.

అది దగ్గరి బంధువుల్లో పెళ్ళిళ్ళు చేసుకునే కుటుంబం. మనవాళ్ళల్లో మేనమామ సంబంధాలూ, మేనరికాలూ ఇంకా ఉన్నాయి కాబట్టి ఒక మాట చెప్పాలి. ఒకే లోపం తల్లి వైపు నుంచీ, తండ్రి వైపు నుంచీ రెండూ వచ్చి కలిస్తేనే బయటపడే ఇలాంటి అరుదైన జబ్బులకు మేనరికం అవకాశం పెంచుతుంది. పుట్టిన ఏడాదీ రెండేళ్ళలోనే పాపకు తీరని ఆకలి, ఆగని బరువు ఉంటే, బొద్దుగా ఉందని మురిసిపోకుండా పెద్దాసుపత్రిలో చూపించాలి. అయితే ఇవి లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బులు. మన ఇళ్ళల్లో కనబడే మామూలు లావుకి మేనరికం కారణం కాదు.

మామూలు లావు వెనక ఒకటి కాదు, వందల కొద్దీ జన్యువులు ఉన్నాయి. ఒక్కొక్కటీ చిటికెడు చిటికెడు వేస్తుంది. వాటిలో పేరు మోసింది ఎఫ్.టి.ఓ. అనే జన్యువు. 2007లో బయటపడింది. దాంట్లో బరువు పెంచే రకాన్ని తల్లి నుంచీ, తండ్రి నుంచీ రెండూ అందుకున్నవాళ్ళు, ఒక్కటీ అందుకోనివాళ్ళ కంటే సగటున 3 కిలోలు ఎక్కువ ఉన్నారని యూరప్ వాళ్ళ మీద చేసిన ఆ పరిశోధన చెప్పింది. ఆ మరుసటి ఏడాది బ్రిటన్‌లో పిల్లల మీద చూస్తే, ఆ రకం ఉన్న పిల్లలకు కడుపు నిండిందన్న తృప్తి తక్కువగా ఉందని తేలింది. నాయనమ్మ 'నోరు కట్టుకోలేదు' అంటోంది కదా, ఆ నోటికి కళ్ళెం కొందరికి పుట్టుకతోనే కాస్త వదులుగా వస్తుంది. అది ఆ పిల్ల చేసిన తప్పు కాదు. మన చెవులూ ముక్కూ మనం ఎంచుకుని పుట్టామా?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. రక్తమూ, అలవాటూ వేరువేరుగా ఎంతెంత అని చూశాం. రెండూ కలిసినప్పుడు ఏమవుతుంది?

దీనికి మనకు దగ్గరలోనే, చెన్నైలో జవాబు వెతికారు. మద్రాస్ డయాబెటిస్ రిసెర్చ్ ఫౌండేషన్ వారు తమ సర్వేలోని 1,618 మందిని తీసుకుని, వాళ్ళ ఎఫ్.టి.ఓ. జన్యువునూ, తిండినీ, కదలికనూ కలిపి చూసిన ఫలితం 2016లో వచ్చింది. బరువు పెంచే రకం ఉన్నవాళ్ళు కదలకుండా కూర్చునే జీవితం గడుపుతుంటే, ఆ రకం లేనివాళ్ళ కంటే వాళ్ళకు ఊబకాయం వచ్చే అవకాశం 1.89 రెట్లు. తినే శక్తిలో సుమారు 71 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నవాళ్ళలో అయితే అదే అవకాశం 2.46 రెట్లు. పిండిపదార్థాలు అంటే మన భాషలో అన్నం, ఇడ్లీ, దోసె, పరోటా, చక్కెర. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం కుంభంలా అన్నం, రాత్రి దోసె తినే ఇల్లు తెలియకుండానే ఆ లెక్కకు దగ్గరగా వెళుతుంది.

అంతకు ముందు 2011లో, ఎన్నో దేశాల్లో జరిగిన పరిశోధనలను కలిపి 2 లక్షల 18 వేల మంది పెద్దవాళ్ళ లెక్క తీశారు. ఒళ్ళు కదిలించేవాళ్ళలో ఈ జన్యువు ప్రభావం 27 శాతం తగ్గిందని తేలింది. జన్యువు అలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు. దాని బలం మాత్రం తగ్గింది.

మా బ్యాంకు భాషలో ఇలా చెప్పుకుంటాను. జన్యువు వడ్డీ రేటు లాంటిది. తిండీ, కూర్చోవడమూ మనం చేసే అప్పు. రేటు మన చేతిలో లేదు. పుట్టినప్పుడే ఒకరికి 8 శాతం, ఒకరికి 18 శాతం అని రాసి పంపించారు. ఎంత అప్పు చేస్తామన్నది మాత్రం చాలావరకు మన చేతిలో ఉంది. 18 శాతం రేటు పడ్డవాడు 8 శాతం వాణ్ణి చూసి, వాడంత అప్పు నేనూ చేస్తానంటే మునిగిపోతాడు. 8 శాతం వాడు 18 శాతం వాణ్ణి చూసి, నీకు లెక్కా పత్రం లేదని వెక్కిరిస్తే అంతకంటే అన్యాయం లేదు. వాడు కట్టే వడ్డీ వీడికి తెలియదు.

ఇక్కడ సన్నగా ఉన్నవాళ్ళకు కూడా ఒక హెచ్చరిక ఉంది. పూణేలో యాజ్ఞిక్ అనే డాక్టరుగారూ, ఇంగ్లండులో యుడ్కిన్ అనే డాక్టరుగారూ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటో వేయించుకున్నారు. ఎత్తుకూ బరువుకూ ఉండే నిష్పత్తిని బి.ఎం.ఐ. అంటారు, అంటే కిలోల బరువును మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగించడం. ఇద్దరికీ అది సరిగ్గా 22.3. చూడటానికి ఇద్దరూ సన్నమే. కాని ఒంట్లో కొవ్వు కొలిస్తే ఇంగ్లండు ఆయనకు 9.1 శాతం, మన పూణే ఆయనకు 21.2 శాతం! మనవాళ్ళ శరీరం తీరు అలాంటిది. కాళ్ళూ చేతులూ సన్నం, కొవ్వు పొట్ట లోపల. అందుకే మన దేశంలో డాక్టర్లు 2009లో మనకు వేరే గీతలు గీశారు. బి.ఎం.ఐ. 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. పాంటు సైజు చూసి లెక్క వేయకండి, మనం పాంటును బొడ్డు కిందికి జార్చి కట్టుకుంటాం. కింది పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యలో టేపు పెట్టి కొలవాలి. ఇవి పెద్దవాళ్ళ గీతలు. ఎదిగే పిల్లలకు వయసును బట్టి వేరే పట్టికలు ఉన్నాయి, వాటిని డాక్టరు చూడాలి.

ఇప్పుడు మన ఊరి వైపు తిరిగి చూద్దాం. సాత్తూరు, కోవిల్‌పట్టి, విరుదునగరం చుట్టూ ఉన్నది వానను నమ్ముకున్న నల్లరేగడి. మన పెద్దలు ఈ నేలలో పండించిందీ తిన్నదీ ఎక్కువగా సజ్జ, జొన్న, ఊదలు. వరి అన్నం పండక్కీ, చుట్టం వచ్చినప్పుడూ. సజ్జ దంచాలి, పిండి విసరాలి, నీళ్ళు తోడాలి, పొలానికి నడవాలి. తిండి నోట్లోకి రాకముందే సగం ఖర్చయిపోయేది. ఆ రోజులు బంగారు రోజులని నేను అనను. వాన తప్పిన ఏడు పస్తులు ఉన్నాయి, దంచి దంచి మా అమ్మ నడుము వంగిపోయింది. 2011లో మన రాష్ట్రంలో రేషను బియ్యం ఉచితమయ్యాయి. అదే ఏడాది మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా ఇచ్చే పథకం వచ్చింది. ఆకలి తీరింది, ఆడవాళ్ళ నడుము నిలబడింది. అది మంచే. కాని జమ పెరిగి ఖర్చు తగ్గిన ఖాతాలో నిల్వ పెరగకుండా ఎలా ఉంటుంది?

పైగా మన ఊళ్ళకు పేరు తెచ్చినవన్నీ నోరూరించేవే. సాత్తూరు కారసేవు సరే సరి. కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. విరుదునగరం నూనె పరోటా కోసం దారి మళ్ళించుకుని వెళ్ళేవాళ్ళు ఉన్నారు. వీటిని తిట్టి నేను సాత్తూరులో బతకలేను! వేరుశనగ, బెల్లం కలిసిన మిఠాయి పొలం పని చేసినవాడికి మంచి ఆహారమే. ఇబ్బంది ఎక్కడంటే, ఎప్పుడో తిరునాళ్ళకు పొట్లం కట్టించుకుని వచ్చే సేవు ఇప్పుడు డబ్బాలో టీవీ పక్కన ఉంటుంది. చేయి దానంతట అదే వెళుతుంది.

మా అన్నయ్య కథ ఇక్కడితో అయిపోలేదు. ఆయన కొడుక్కి ఇప్పుడు 31 ఏళ్ళు. అదే ఊరు, అదే ఇల్లు. పొలానికి బండి మీద వెళతాడు, మోటారు ఇంట్లోంచే ఫోనులో వేస్తాడు, రాత్రి సాత్తూరు వచ్చి పరోటా తిని వెళతాడు. 92 కిలోలు. తండ్రిలో ఆరు పదులు దాకా నిద్రపోయిన జన్యువు కొడుకులో ముప్ఫైకే లేచింది. ఇప్పుడు పల్లె కూడా పల్లె కాదు. భారత వైద్య పరిశోధన మండలి తరఫున దేశమంతటా లక్షా పదమూడు వేల మందిని చూసి 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం, పెద్దవాళ్ళలో 28.6 శాతం మందికి ఊబకాయం, 39.5 శాతం మందికి పొట్ట ఉంది.

ఇంత చెప్పాక నా మాట ఒక్కటే. ప్రతి ఇంట్లోనూ పిల్లలకు రెండు ఆస్తులు సంక్రమిస్తాయి. ఒకటి రక్తంలో వస్తుంది. రెండోది వంటింట్లో వస్తుంది. మొదటిది మార్చలేం. రెండోదాన్ని కూడా మనం వంశం అనే అనుకుంటాం, అక్కడే మోసపోతున్నాం.

మన తెలుగు సంగతే తీసుకోండి. మన పెద్దలు ఈ దేశం వచ్చి కొన్ని వందల ఏళ్ళయింది. బడిలో తమిళం, బజారులో తమిళం. అయినా మన పిల్లలు తెలుగు మాట్లాడుతున్నారంటే అది రక్తంలో వచ్చిందా? కాదు. మాట్లాడే శక్తి పుట్టుకతో వస్తుంది, ఏ మాట అన్నది ఇల్లు ఇస్తుంది. ఇంట్లో పెద్దలు మానేస్తే ఒక్క తరంలో పోతుంది. మానకపోతే పది తరాలు ఉంటుంది. తిండీ, నడకా అంతే. పిల్లను కూర్చోబెట్టి, నువ్వొక్కదానివే తెలుగు మాట్లాడు, మేం తమిళమే మాట్లాడతాం అంటే ఆ పిల్లకు తెలుగు వస్తుందా? నువ్వొక్కదానివే సేవు మానేయి, మేం నీ ఎదురుగా తింటాం అన్నదీ అలాంటిదే.

కాబట్టి ఆ ఇంటికి నేను చెప్పేది ఇది. పథ్యం ఆ అమ్మాయికి కాదు, ఇంటికి పెట్టండి. సేవు డబ్బా ఇంట్లోంచి తీసేయండి. కావాలన్నప్పుడు పొట్లం తెచ్చుకుని అందరూ కలిసి తినండి, ఆ అమ్మాయితో సహా. అన్నం కుండ పక్కన పెట్టుకుని కాకుండా, గిన్నెతో కొలిచి వడ్డించుకోండి. ఇంతకు ముందు అన్నం ఉన్నంత మేర కూర, కూర ఉన్నంత మేర అన్నం పెట్టండి. పప్పు, గుడ్డు, సుండల్ ఏదో ఒకటి ప్రతి పూటా ఉండనివ్వండి, తృప్తి త్వరగా కలుగుతుంది. సజ్జ, జొన్న మళ్ళీ తెచ్చుకుంటే మంచిదే, కాని సజ్జ దోసెలు ఎనిమిది తింటే అదీ అప్పే. పెద్దవాళ్ళు వారానికి 150 నిమిషాలు వేగంగా నడవాలి, పిల్లలు రోజుకు గంటసేపు ఆడాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పదో తరగతి అని ఆటలు మాన్పించి ట్యూషనులో కూర్చోబెట్టడం కూడా అప్పు చేయించడమే. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది, అర్ధరాత్రి చదువులు తగ్గించండి. ఎదిగే పిల్లను పస్తు పెట్టవద్దు. థైరాయిడ్, నెలసరి ఇబ్బందులు ఏమైనా ఉన్నాయేమో ఒకసారి డాక్టరుకు చూపించండి.

త్రాసు ముల్లు కదలలేదని దిగులు పడకండి. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం, మధుమేహం వచ్చే అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళ దాకా గమనించి 2006లో ఫలితం చెప్పింది. మామూలు సలహాతో సరిపెట్టినవాళ్ళలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. తిండీ నడకా సరిచేసుకున్నవాళ్ళలో 39.3 శాతం మందికే వచ్చింది. విశేషం ఏమిటంటే, వాళ్ళ బరువు చెప్పుకోదగ్గంత తగ్గనే లేదు. అయినా మేలు జరిగింది. నాకు 18 శాతం వడ్డీ రాసి ఉంది, నేను సన్నగా అవ్వలేకపోవచ్చు. పదేళ్ళ నడక తరవాత నా నడుము 101 నుంచి 94కి వచ్చింది, అంతే. గీతకు ఇంకా 4 సెంటీమీటర్లు బాకీ ఉంది. చక్కెర మాత్రం అదుపులో ఉంది. ఆ ఏడు సెంటీమీటర్లు తగ్గించడానికి మా ఆవిడా, మా అబ్బాయీ కూడా నాతోపాటు కంచాలు మార్చుకున్నారు. ఒక్కణ్ణే అయితే నా వల్ల అయ్యేది కాదు.

ఆ చెల్లెలికి ఒక మాట. మీది లావు వంశం కావచ్చు, కాని అది తీర్పు కాదు, వడ్డీ రేటు మాత్రమే. నాయనమ్మగారికి ఒక మాట. మీరు అలవాటు మార్చమనడం సబబే, కాని అలవాటు ఇంటిది, నింద పిల్లది కాకూడదు. ఇక ఆ అమ్మాయికి. తల్లీ, ఇందులో నీ తప్పు లేదు. నీ చేతిలో ఏమీ లేదనీ కాదు. వచ్చే ఉగాదికి ఆ ప్లేటు కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోకు. నాలుగు ముక్కలూ తిని, కార్యక్రమం అయ్యేదాకా మాతో కూర్చో. తరవాత అందరం కలిసి వైప్పారు వంతెన దాకా నడిచి వద్దాం. మీ నాయనమ్మను కూడా తీసుకురా.